సర్వే చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సర్వేయింగ్ చదువుతానంటోంది. గొలుసు లాగడానికి ఇంజినీరింగ్ ఎందుకని ఇంట్లో అందరూ అంటున్నారు. అసలు ఏ కోర్సులో చేరాలి? (అమలాపురం నుంచి ఒక తల్లి)

గొలుసు లాగడానికి అక్కర్లేదండి. లాగిన కొలతలో ఎంత తప్పుందో, ఆ తప్పును ఎక్కడ సర్దాలో తేల్చడానికి కావాలి. సివిల్ బీటెక్‌లో సర్వేయింగ్ ఒకటి రెండు సెమిస్టర్ల సబ్జెక్టు మాత్రమే. అదే ప్రధానంగా చదవాలంటే జియోఇన్ఫర్మాటిక్స్ (భూమి కొలతలు, పటాల సమాచార శాస్త్రం) పేరుతో వెతకండి. చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఆ బీఈ ఉంది. ఆ కాలేజీ 1794లో మొదలైందే సర్వే స్కూలుగా. అయితే పక్క రాష్ట్రం కాబట్టి ప్రవేశాల నిబంధనలు ముందే చూసుకోండి. ఈఏపీసెట్‌తో ఇక్కడే సివిల్‌లో చేరి, ఎంటెక్‌లో ఇటు మళ్లడం ఇంకో దారి. 2022 నుంచి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో జియోమాటిక్స్ (సర్వే, పటాల) ఇంజినీరింగ్‌కు విడిగా పేపరు పెట్టారు. మా మాటగా ఒకటి చెప్పండి: మాత్రికలు, సంభావ్యత ‘చాయిస్‌లో వదిలేసే’ అధ్యాయాలు కావు. కొలతల్లోని తేడాలను సర్దే కనిష్ఠ వర్గాల పద్ధతి నిలబడేది వాటిమీదే.

ప్రశ్న: డిప్లొమా ప్రాక్టికల్స్‌లో డ్రెయిన్ గట్టు వెంట కిలోమీటరు దూరం లెవెల్స్ (ఎత్తుల కొలతలు) తీసుకెళ్లి, మళ్లీ మొదటి బెంచ్‌మార్క్‌కే (ఎత్తు తెలిసిన గుర్తుకే) వచ్చాం. 95 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రతిసారీ బ్యాక్‌సైట్ (వెనక నిలబెట్టిన కొలతకర్ర వైపు చూపు) 60 మీటర్లు, ఫోర్‌సైట్ (ముందున్న కర్ర వైపు చూపు) 20 మీటర్లు ఉంచాం. తప్పెక్కడ? (భీమవరం విద్యార్థి)

తప్పు మీ ప్రశ్నలోనే ఉంది బాబూ. అరవై, ఇరవై! మీ లెవెల్ పరికరం చూపు గీత మీటరుకు 0.1 మిల్లీమీటరు పైకి వాలి ఉందనుకోండి. బ్యాక్‌సైట్‌లో 6, ఫోర్‌సైట్‌లో 2 మిల్లీమీటర్లు ఎక్కువ చదువుతారు. లెవెల్ నిలిపే ఒక్కో మజిలీకి 4 మిగులుతుంది. రానూపోనూ 2 కిలోమీటర్లకు 25 మజిలీలు, అంటే 100 మిల్లీమీటర్లు. మామూలు లెవెలింగ్‌లో ఒప్పుకునే తేడా కిలోమీటర్ల వర్గమూలాన్ని 12తో హెచ్చిస్తే వచ్చేది, మీకు 17 మిల్లీమీటర్లు. రెండు దూరాలూ సమానంగా ఉంచితే ఈ తప్పు దానికదే కొట్టుకుపోతుంది.

ముందు పరికరాన్ని పరీక్షించండి. 60 మీటర్ల ఎడంలో రెండు మేకులు దిగ్గొట్టి, సరిగ్గా నడుమ లెవెల్ పెట్టి రెండింటి ఎత్తుల తేడా తీయండి. అది నిజమైన తేడా. తర్వాత లెవెల్‌ను ఒక మేకు అవతలికి, మూడు మీటర్ల దూరానికి జరిపి మళ్లీ తీయండి. రెండో తేడా 6 మిల్లీమీటర్లు మారితే పైన చెప్పిన వాలే ఉన్నట్టు.

ఇంకో అనుమానం నల్లమట్టి. ఫోర్‌సైట్ చదివాక మీరు లెవెల్ మార్చేలోగా స్టాఫ్ (కొలతకర్ర) గట్టులోకి దిగబడుతుంది, ప్రతిసారీ ఒకే దిక్కున తప్పు పోగవుతుంది. స్టాఫ్ కింద ఇనుప పలక వేయండి, లేదా తూము కాంక్రీటు మీద నిలబెట్టండి. కిలోమీటరుకు 10 సెంటీమీటర్లే వాలున్న డ్రెయిన్‌లో 5 సెంటీమీటర్లు తప్పితే సగం వాలు కాగితం మీదే పోయినట్టు. నీళ్లు మాత్రం చేలోనే ఉంటాయి.

ప్రశ్న: జీపీఎస్ పరికరం మా ఊళ్లో ఎత్తు మైనస్‌లో పదుల మీటర్లు చూపిస్తోంది. పాడైందా? కొబ్బరితోటలో అసలు స్థిరపడటం లేదు. (రాజోలు)

పాడవలేదు. అది కొలిచేది గణితంలో గీసిన దీర్ఘవృత్తజం (భూమిని పోలిన నున్నటి ఆకారం) నుంచి, సముద్రమట్టం నుంచి కాదు. మన దేశం దగ్గర సముద్రమట్టం ఆ ఉపరితలానికి చాలా కిందుంది. ఆ రెండింటి తేడాను సర్దే జియాయిడ్ సవరణ వేసి, దగ్గరి బెంచ్‌మార్క్‌తో సరిచూడండి. తోటలో మట్టలు సంకేతాన్ని అడ్డుకుంటాయి. రోడ్డు మీద ఆకాశం బాగా కనిపించే రెండు పాయింట్లు దూరదూరంగా తీసుకుని, అక్కణ్నుంచి కోణాలు, దూరాలు రెండూ కొలిచే టోటల్ స్టేషన్‌తో లోపలికి వెళ్లండి. ఆ రెండూ పది మీటర్ల ఎడంలోనే ఉంటే, 2 మిల్లీమీటర్ల పొరపాటు వంద మీటర్ల దగ్గర 20 అవుతుంది.

ప్రశ్న: చదివాక ఉద్యోగాలేమిటి? (పాలకొల్లు)

రోడ్లు, రైలు మార్గాలు, పైపులైన్ల పనుల్లో సైట్ సర్వేయర్లు ఎప్పుడూ కావాలి. రేవుల్లో, డ్రెడ్జింగ్‌లో నీటి అడుగు కొలిచే హైడ్రోగ్రఫీ ఉంది. దానికి విడిగా శిక్షణ తీసుకోవాలి, నెలల తరబడి ఓడ మీద ఉండగలగాలి. డ్రోన్ చిత్రాల నుంచి పటాలు చేసేది ఆఫీసు పని. ప్రభుత్వంలో గ్రామ సర్వేయరు నుంచి సర్వే ఆఫ్ ఇండియా దాకా ఉన్నాయి. అర్హతలు నోటిఫికేషన్‌లోనే చూడండి, కోచింగ్ సెంటరు కరపత్రంలో కాదు.

భూమి కొలతల వైపు వెళ్లేట్టయితే పాత ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు) చదవడం నేర్చుకోండి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇక్కడ లింకంటే పాత గుంటర్ గొలుసులో నూరో వంతు, 20.12 సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల గొలుసు లింకు సరిగ్గా 20. ఒకటి అనుకుని రెండోది వాడితే ఎకరానికి సెంటు పైచిలుకు తేడా వస్తుంది.