విజయవాడలో డిగ్రీ అయ్యాక ఎన్‌ఎస్‌ఎస్‌ (కాలేజీ విద్యార్థుల సేవా పథకం) నుంచి పిలుపు రావట్లేదా?

మిమ్మల్నెవరూ పక్కన పెట్టలేదండీ. ఎన్‌ఎస్‌ఎస్‌ నమోదు కాలేజీతో ముడిపడింది. రెండేళ్లలో 240 గంటల సేవ, చదువు అవగానే జాబితాలోంచి పేరు పోతుంది. ఇక విజయవాడలో సేవ చేసే చోటు మీరే వెతుక్కోవాలి.

1. యువత సేవా పనులు వెతుక్కునే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు, మై భారత్‌ పోర్టల్‌లో చేరండి. 15–29 ఏళ్లవాళ్లకు.

2. అందరూ మరిచేది ఇదే: "ఎప్పుడు పిలిచినా వస్తా" అంటే ఎవరూ పిలవరు. దగ్గరి మున్సిపల్‌ స్కూలు హెడ్మాస్టర్‌ను కలిసి రోజు, గంట, పని మీరే చెప్పండి. "శనివారం నాలుగింటికి, ఆరో తరగతికి లెక్కలు" అని సింగ్‌నగర్‌లో నేనలాగే చెప్పా. రెండోవారం వెళ్లేసరికి పిల్లలు బోర్డు తుడిచి, చాక్‌పీసు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇంకెలా మానేస్తాం!

3. ఉద్యోగం వచ్చి శనివారాలు కుదరకపోతే రక్తదానం. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు.

ముందు రెండోది చేయండి, ఈ వారమే.