ఫోన్ లేకపోతే ముద్ద ముట్టని పిల్లలు: మా ఇంట్లో ఎలా మాన్పించామంటే

మూడేళ్ల పాప ఫోన్ పెట్టనిదే నోరు తెరవదు, లాక్కుంటే కింద పడి దొర్లుతుంది, పెద్దవాళ్లేమో "ఏడిపించకు, ఇచ్చెయ్" అంటారు, ఎలా మాన్పించాలి అని అడిగారు. చదువుతుంటే రెండేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చిందండి. నేను డాక్టర్ని కాదు, ఒక తల్లిని. మా బాబు విషయంలో ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను.

మేం హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పగలంతా బాబును మా అత్తయ్య చూసుకుంటారు. వాడికి తొమ్మిదో నెలలో ఉగ్గు తినడం లేదని ఫోన్‌లో ఒక పాట పెట్టి చూపించింది నేనే. ఆ పూట గిన్నె మొత్తం ఖాళీ అయింది. ఎంత సంతోషపడ్డానో! రెండున్నరేళ్లు వచ్చేసరికి మూడు పూటలా ఫోన్ ఉండాల్సిందే.

ఒకసారి జలుబు చేసి చూపించడానికి వెళ్తే, పిల్లల డాక్టరుగారు రోజుకు ఎంతసేపు చూస్తాడని అడిగారు. "ఓ గంట ఉంటుందండి" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఇంటికొచ్చి అత్తయ్య ఫోన్ సెట్టింగ్స్‌లో, ఏ యాప్ ఎంతసేపు వాడారో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచాను. అత్తయ్య తన ఫోన్‌ మాట్లాడటానికి తప్ప వాడరు. అందులో ఆ ముందురోజు యూట్యూబ్ ఒక్కటే 3 గంటల 40 నిమిషాలు! నా ఫోన్‌లో ఇంకో 50 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు గంటకు మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ఉంది. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్లలోపు వీడియో కాల్ తప్ప స్క్రీనే వద్దని, ఐదేళ్ల వరకు గంట దాటొద్దని చెబుతోంది. మావాడు నాలుగున్నర గంటలు చూస్తున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచే పూర్తిగా బంద్ చేశాం. అది పెద్ద తప్పు. రెండు రోజులు ఇల్లంతా ఏడుపే. వాడు సరిగ్గా తినలేదు, పగటి నిద్ర పోలేదు. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు నానమ్మ ఒళ్లో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నేను గట్టిగా మాట్లాడాను, అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మళ్లీ మొదటికొచ్చింది.

ఆ తర్వాత చేసిన పనే మాకు దారి చూపింది. గోడ మీది క్యాలెండర్ గళ్లలో, ఫోన్ ఎప్పుడు ఇచ్చాం, ఎందుకిచ్చాం అని ఒక వారం రాశాం. "పొద్దున టిఫిన్. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం అత్తయ్యకు మోకాళ్ల నొప్పి. రాత్రి నేను వంటింట్లో ఉన్నాను." వారం తిరిగేసరికి ప్రతి గడిలోనూ వాడి కోరిక కన్నా మా అవసరమే ఎక్కువ కనిపించింది. ఫోన్ తీసేస్తే ఆ పని ఎవరు చేయాలో ముందు తేల్చుకోవాలి. మొదటిసారి మేం అది చేయలేదు, అందుకే రెండు రోజుల్లో ఓడిపోయాం.

ముందు భోజనాలు పట్టుకున్నాం, ఎక్కువ సమయం అక్కడే పోతోంది కాబట్టి. అందులోనూ రాత్రి భోజనంతోనే మొదలుపెట్టాం. ఆ పూట మేమిద్దరం ఇంట్లో ఉంటాం, ఏడుపు భారం అత్తయ్య ఒక్కరి మీద పడదు. డాక్టరుగారిని అడిగితే బరువు వయసుకు తగ్గట్టే ఉంది, నాలుగు రోజులు తక్కువ తిన్నా ఏమీ కాదన్నారు. ఆ మాట మాకు కొండంత ధైర్యం. మీరూ పాప బరువు ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి. లేకపోతే మొదటి ఏడుపుకే మనసు కరిగిపోతుంది.

హాల్లో పాత చీర పరిచి అందరం కింద కూర్చునేవాళ్లం. వాడికి వేరే చిన్న కంచం. అందులో ముద్దపప్పు అన్నం కొంచెం, ఉడికించిన క్యారెట్ ముక్కలు, ఆమ్లెట్ ముక్క. నేను తినిపించడం మానేశాను. చీరంతా అన్నమే, జుట్టుకు కూడా అంటుకునేది. మొదటి రాత్రి ఫోన్ ఏదని ఇరవై నిమిషాలు ఏడ్చి నాలుగు ముద్దలు తిన్నాడు. రెండో రాత్రి మూడు. అరగంట కాగానే కంచం తీసేశాను, వెంటపడలేదు, తర్వాత బిస్కెట్టూ ఇవ్వలేదు. ఐదో రోజున వాళ్ల నాన్న కంచంలోని దోసకాయ ముక్క తనంతట తాను తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పటివరకు వాడు కూర ముక్క ముట్టేవాడు కాదని అనుకునేవాళ్లం. ఫోన్ చూస్తూ తిన్నన్నాళ్లు ఏం తింటున్నాడో వాడికే తెలియదు, కడుపు నిండిన సంగతి కూడా తెలిసేది కాదు.

ఇంకోటి గమనించాను. సాయంత్రం ఆరింటికి గ్లాసుడు పాలు, నాలుగు బిస్కెట్లు పెడితే ఎనిమిదింటికి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పాలు ఐదింటికి జరిపి బిస్కెట్లు ఆపేశాం. మా ఇంట్లో సగం సమస్య దాంతోనే తీరింది.

రాత్రి భోజనం కుదుటపడటానికి పది రోజులు పట్టింది. అప్పుడు పొద్దున టిఫిన్. మధ్యాహ్నం చివరికి. ఎందుకంటే ఆ పూట అత్తయ్య ఒక్కరే ఉంటారు.

పెద్దవాళ్ల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. "మేమంతా పిల్లల్ని పెంచలేదా" అని అత్తయ్య బాధపడ్డారంటే దానికి కారణం నేను మాట్లాడిన తీరే. అరవై నాలుగేళ్ల మనిషి, అరిగిన మోకాళ్లతో, పరుగెత్తే పిల్లాణ్ని రోజుకు పది గంటలు చూసుకుంటున్నారు. ఒక ఆదివారం పక్కన కూర్చుని "అత్తయ్యా, మీకు ఏ టైమ్ కష్టంగా ఉంటోంది?" అని అడిగాను. "నాలుగు దాటితే నా వల్ల కావట్లేదమ్మా" అన్నారు. అంతవరకు నేను ఆ మాట అడగనే లేదు. మా ఆయన ఆఫీసులో మాట్లాడి షిఫ్టు ముందుకు జరుపుకుని ఐదున్నరకల్లా ఇంటికి రావడం మొదలుపెట్టారు. రాగానే బాబును కిందికి తీసుకెళ్తారు. నాలుగు నుంచి ఐదున్నర వరకు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఇంటర్ చదివే అమ్మాయి వచ్చి ఆడిస్తుంది, నెలకు కొంత ఇస్తాం. అందరికీ ఇది కుదరదని తెలుసు. కానీ ఆ గంటన్నరకు మనిషి తోడు లేకుండా ఫోన్ మాత్రం మానాలంటే అది అత్తయ్యకు అన్యాయం.

ఫోన్ లేకుండా వాణ్ని ఆడించడం తనకూ చేతనవునని అత్తయ్యకు తెలిసొచ్చింది. కూర్చున్న చోటే గుడుగుడుగుంచం ఆడించేవారు. బఠానీలు ఒలిచేటప్పుడు తొక్కలు వాడి చేత గిన్నెలో వేయించేవారు. చపాతీ పిండి ముద్ద ఇస్తే అరగంట గడిచిపోయేది. చింతగింజలతో వామనగుంటలు కూడా మొదలుపెట్టారు గానీ, వాడు గింజ నోట్లో పెట్టుకోవడం చూసి ఆపించాను. ఇంత చిన్న పిల్లలకు గింజలు, గోళీలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

ఇక మా ఫోన్లు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు రెండు ఫోన్లూ ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో పెట్టేస్తాం, రింగ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. వాడి కంటే నాకే ఎక్కువ కష్టమైంది.

పూర్తిగా మానేయలేదు. పగటి నిద్ర లేచాక అరగంట, హాల్లో టీవీలోనే, ఎవరో ఒకరం పక్కనుండగా. ఫోన్‌లో అయితే వేలితో తోసుకుంటూ పోతాడు, టీవీలో ఆ వీలు లేదు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపేశాం. షార్ట్స్ అనే చిట్టి వీడియోలు అసలు వద్దు. "ఈ బొమ్మ అయిపోగానే నువ్వే ఆపాలి" అని ముందే చెప్పి రిమోట్ వాడికే ఇస్తాం. మేం ఆపితే ఏడుస్తాడు, తనే నొక్కితే గొప్పగా చూస్తాడు. తెనాలిలో ఉన్న మా అమ్మతో వీడియో కాల్ మాత్రం మానలేదు. ఆవిడ అడుగుతుంది, వాడు జవాబు చెబుతాడు, అది పాట చూడటం లాంటిది కాదు. పడుకునే గంట ముందు ఏ స్క్రీనూ ఉండదు.

మధ్యలో జారిపోయాం కూడా. సంక్రాంతికి ఊరెళ్తే ప్రతి బంధువూ ముద్దుగా ఫోన్ చేతికిచ్చారు. తిరిగొచ్చాక వారం రోజులు మళ్లీ పాత ఏడుపే. జ్వరం వచ్చినప్పుడు, ఆరేడు గంటల బస్సు ప్రయాణంలో మేమే ఇచ్చాం. ఇంటికి రాగానే పాత పద్ధతికి వచ్చేస్తాం. మొదటిసారి పట్టినన్ని రోజులు పట్టవు.

ఒక్క విషయం మాత్రం నిర్లక్ష్యం చేయకండి. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, రెండేళ్లు దాటినా "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి రెండు పదాల మాటలు రాకపోవడం ఉంటే, అంతా ఫోన్ వల్లే, మానేస్తే సర్దుకుంటుంది అని ఎదురుచూడొద్దు. వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి, వినికిడి పరీక్ష కూడా చేయించండి. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ అనే జిల్లా కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

మీ పాపకైతే ఈ వారం ఏమీ మార్చకండి. క్యాలెండర్‌లో రాయండి చాలు. వచ్చే శనివారం రాత్రి భోజనంతో మొదలుపెట్టండి, మర్నాడు సెలవు కాబట్టి ఆలస్యంగా పడుకున్నా ఫర్వాలేదు. మొదటి మూడు రాత్రులు కష్టంగా ఉంటాయి. ఏ గడి దగ్గర ఆగిపోయారో ఇక్కడే కింద రాయండి, మేం ఆ చోట ఏం చేశామో చెబుతాను.