మెయిల్ పాస్‌వర్డ్ దొంగల చేతికి పోతే? ఆఫీసుకు ముందస్తు ప్లాన్ ఎలా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. స్టాఫ్ లాగిన్‌లు దొంగిలిస్తారేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాస్‌వర్డ్ ఏదో ఒకరోజు పోతుందనే లెక్కతోనే మొదలుపెట్టండి. ఈ దొంగ తాళం పగలగొట్టడు, తాళంచెవితోనే వస్తాడు. మీకు అసలు ప్రమాదం మెయిల్‌తోనే. లోపలికి వచ్చినవాడు చప్పుడు చేయకుండా కూర్చుని, తోతాపురి గుజ్జు కంటైనర్ బిల్లు వెళ్లే సమయానికి మీ పేరుతోనే 'మా బ్యాంకు అకౌంట్ మారింది' అని రాస్తాడు. అలాంటి మెయిల్ వస్తే తమ దగ్గర ముందునుంచీ ఉన్న మీ నంబరుకు ఫోన్ చేసి అడగమని కొనేవాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి. పైసా ఖర్చు లేదు, అయినా బద్ధకిస్తాం.

ఓటీపీ ఉందని ధీమా వద్దు. నకిలీ లాగిన్ పేజీ దాన్నీ అప్పటికప్పుడే లాగేస్తుంది. కనీసం అకౌంట్స్, అడ్మిన్ వాళ్లకు పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. సీజన్ అయ్యాక మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు తీసేయండి. 2021లో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సరఫరా కంపెనీ నెట్‌వర్క్‌లోకి దొంగలు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్‌తోనే.

పోయిందని తెలిశాక పాస్‌వర్డ్ మారిస్తే చాలదు. ఇప్పటికే తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ (సెషన్‌లు) లాగౌట్ చేయాలి, మీ మెయిల్స్ దొంగకు చేరేలా పెట్టిన ఫార్వర్డింగ్ రూల్స్ ఉన్నాయేమో వెతకాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోపు తెలపాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.