పాఠం చెప్పడం, పాఠం రావడం

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మాయి ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన డి.ఎల్.ఎడ్. మొదటి సంవత్సరంలో ఉంది. బోధన, అభ్యసనం, పరిపక్వత, ప్రేరణ అంటూ నిర్వచనాలన్నీ కంఠస్థం చేసింది, పరీక్షల్లో మార్కులూ బాగానే వస్తున్నాయి. ఈ మధ్య ఒక పల్లె బడికి పంపితే, మొదటి వారమే ‘నేను చెప్పేది పిల్లలకు ఎక్కడం లేదు, నేను ఈ పనికి పనికిరాను’ అని ఇంటికొచ్చి ఏడ్చింది. రెండో తరగతి పిల్లలను ముప్పై ఐదు రాయమంటే కొందరు యాభై మూడు రాశారట. ఇప్పుడే మానిపించి డిగ్రీలో చేర్చమంటారా?

సమాధానం: మానిపించవద్దు. పాఠం చెప్పి కూడా అది పిల్లలకు రాలేదని మొదటి వారంలోనే గమనించిన ఛాత్రోపాధ్యాయులు అరుదు. నేను శిక్షణలో ఉన్నప్పుడు రంగురంగుల చార్టు గోడకు తగిలించి, నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడి, చివర ‘అర్థమైందా?’ అని అడిగితే పిల్లలందరూ ‘అయ్యింది సార్’ అన్నారు. నేను సంతోషంగా ఇంటికి వెళ్లాను. వారికి ఏమీ రాలేదని తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది.

మీ అమ్మాయి కంఠస్థం చేసిన మొదటి రెండు మాటల మధ్య తేడా మన వాడుకలోనే ఉంది. ‘నేను పాఠం చెప్పాను’ అంటాం. ‘వాడికి పాఠం వచ్చింది’ అంటాం. చెప్పడం ఉపాధ్యాయుని పని, రావడం పిల్లవాడిలో జరిగే మార్పు. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. అనుభవం వల్ల, అభ్యాసం వల్ల ప్రవర్తనలో కలిగే, కొంతకాలం నిలిచే మార్పే అభ్యసనమని మనోవిజ్ఞానం చెబుతుంది. ఆ నిర్వచనంలోని ప్రతి మాటకూ పని ఉంది: అలసట వల్లనో మందు ప్రభావం వల్లనో వచ్చిన మార్పు నిలవదు కనుక అది అభ్యసనం కాదు, వయసుతోపాటు శరీరం దానంతట అది ఎదగడం వల్ల వచ్చే మార్పు పరిపక్వత అవుతుంది. ఎనిమిది నెలల పాపకు ఎంత నేర్పినా పరుగెత్తలేదు, కానీ కాళ్లకు బలం వచ్చిన పిల్లకు కూడా సైకిలు తొక్కడం దానంతట అది రాదు. పరిపక్వత లేనిచోట బోధన వృథా, పరిపక్వత ఉన్నచోట బోధన అవసరం.

ఇప్పుడు ఆ యాభై మూడు సంగతి చూద్దాం. దీనికి పిల్లల అజాగ్రత్తను కారణంగా చెప్పడం తేలిక, కానీ నాకు తోచే కారణం వేరు. తెలుగులో ‘ముప్పై ఐదు’ అంటాం. పదులు ముందు, ఒకట్లు తర్వాత. ఒడియాలో అదే సంఖ్య ‘పంచతిరిశ’. ఐదు ముందు, ముప్పై తర్వాత. ఇంట్లో తెలుగు సంఖ్యలు వింటూ పెరిగిన పిల్లవాడు విన్న వరుసలోనే రాయడం అలవాటు చేసుకుని ఉంటే, ‘పంచ’ వినగానే ఐదు వేస్తాడు, ఆ పక్కన మూడు వేస్తాడు. తప్పులోనూ తర్కం ఉంది. ఇక ఆ బడిలో సవర అనే గిరిజన తెగ పిల్లలు కూడా ఉంటే చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. వారి సంప్రదాయ లెక్కింపు పన్నెండు, ఇరవైల మీద నడుస్తుంది కనుక, ఆ పద్ధతిలో ముప్పై ఐదు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక మూడు. ఒకే గదిలో ఒకే సంఖ్యకు మూడు రకాల నిర్మాణాలు ఉన్నాయన్నమాట. అవి తెలియకుండా నల్లబల్ల మీద సరైన జవాబు రాసి పదిసార్లు దించమనడం వల్ల చేతికి నొప్పి తప్ప వేరే ఫలితం ఉండదు.

ముందు నేర్చిన దాని ప్రభావం కొత్తగా నేర్చేదాని మీద పడటాన్నే పాఠ్యపుస్తకాలు అభ్యసన బదలాయింపు అంటాయి. పై ఉదాహరణలో పాతది కొత్తదానికి అడ్డు తగిలింది కనుక అది ప్రతికూల బదలాయింపు. మీ ప్రాంతంలో అనుకూల బదలాయింపుకూ కొదవ లేదు. క, ఖ, గ, ఘ అనే వరుస రెండు భాషలకూ ఒకటే కనుక తెలుగు వర్ణమాల వచ్చిన పిల్లకు ఒడియా అక్షరాల క్రమం సగం వచ్చినట్టే. అయితే ఒడియా ‘ఠ’ మన సున్నలాగే గుండ్రంగా ఉంటుంది, మనం ‘క’ అని పలికే చోట వారి పలుకు ‘కొ’కు దగ్గరగా ఉంటుంది, ఈ చోట్ల మళ్లీ తడబాటు. మీ అమ్మాయి ఒక నోటు పుస్తకంలో ఇలాంటి తప్పులను, వాటి వెనుక ఆమె ఊహించిన కారణాలను రోజూ రాసుకోవాలి. రెండేళ్లు అలా రాస్తే, నిర్వచనాల గైడు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

అంకెల చిక్కుకు మందు చీపురు పుల్లల్లో ఉంది. పదేసి పుల్లలు కట్టగా కట్టించి, మూడు కట్టలు, ఐదు విడి పుల్లలు పిల్లవాడి చేతనే పేర్పించాలి. దాన్ని తెలుగులో ఏమంటారో, సవరలో ఏమంటారో, ఒడియాలో ఏమంటారో వారి చేతనే చెప్పించి, ఆ తర్వాతే అంకె రాయించాలి. తెలిసిన దాని నుంచి తెలియని దానికి అనే సూత్రం ఆమె ఈపాటికి రాసే ఉంటుంది. దాన్ని పాటించడమంటే ఇదే.

రష్యన్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం కూడా ఇక్కడే అర్థమవుతుంది. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన పనికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగిన పనికీ మధ్య ఉన్న దూరం అది. వంశధారలో ఈత నేర్పేవారు మొదట పొట్ట కింద చెయ్యి పెడతారు, తర్వాత రెండు వేళ్లే ఆనిస్తారు, ఆ తర్వాత చెయ్యి తీసేసి పక్కన నిలబడతారు. చెయ్యి పెట్టకపోతే పిల్లవాడు మునుగుతాడు, ఎప్పటికీ తీయకపోతే ఈత రాదు. ఎప్పుడు తీయాలన్నదే ఉపాధ్యాయుని నైపుణ్యం.

థార్న్‌డైక్ సంసిద్ధత, అభ్యాస, ఫలిత నియమాలు, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పునర్బలనం, పియాజే దశలు వంటి మనోవిజ్ఞానుల సిద్ధాంతాలు పరీక్షకు కావాలి కనుక చదవాల్సిందే. వాటి మీద ఇంతకంటే చెప్పను. అభ్యసన లక్ష్యాలను మెట్లుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణ మాత్రం పాఠ్య పథకానికి నేరుగా పనికొస్తుంది. 1956లో వెలువడి 2001లో సవరణ పొందిన ఆ వర్గీకరణ ప్రకారం గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం అనే ఆరు మెట్లున్నాయి. పథకంలో ‘సంఖ్యలను వివరిస్తాను’ అని రాస్తే అది ఆమె పని అవుతుంది; ‘రెండంకెల సంఖ్యను పుల్లలతో చూపి, రాయగలుగుతారు’ అని రాస్తే అది పిల్లల పని అవుతుంది. అప్పుడు పాఠం చివర ‘అర్థమైందా?’ అని అడగనవసరం లేదు, ‘చూపించు’ అంటే చాలు.

మీ పక్కనే ఉన్న పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి గారు ఈ పాఠాలేవీ శిక్షణలో చదివినవారు కారు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్చుకోవాలనుకుని, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టారు. మీ అమ్మాయి కూడా సవర అంకెలు ఇరవై వరకైనా పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. నేర్చుకునేవారి ఇబ్బంది ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలుస్తుంది. టీచరు తడబడుతుంటే పిల్లల నోళ్లూ తెరుచుకుంటాయి.

ఇక ఉద్యోగం విషయం. ప్రాథమిక తరగతులకు బి.ఎడ్. అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత డి.ఎల్.ఎడ్.కు విలువ పెరిగింది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్ మొదటి పేపరులో 150 ప్రశ్నలకు 30 శిశు వికాసం, బోధనాశాస్త్రం నుంచే వస్తాయి. సాధారణ వర్గానికి ఉత్తీర్ణత 60 శాతం, అంటే 90 మార్కులు. ఉత్తీర్ణత పత్రం జీవితాంతం చెల్లుతుందని 2021లోనే ప్రకటించారు. ఒడిశా టెట్‌తోపాటు కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్ కూడా రాయమనండి. అందులో ఎంచుకోగల భాషల్లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి కనుక రెండు భాషల మధ్య పెరగడం ఆమెకు కలిసివస్తుంది. శ్రీకాకుళం వైపు ఉద్యోగాల మీద ఆశ ఉంటే స్థానికత నిబంధనను ముందే చదువుకోండి. ఒడిశాలో చదివినవారిని అక్కడ స్థానికేతరులుగా లెక్కించే అవకాశం ఎక్కువ.

డిగ్రీ కూడా అవసరమే, కానీ ఇది మాని అది కాదు. డి.ఎల్.ఎడ్. పూర్తయ్యాక డిగ్రీ చేస్తే, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఉద్దేశించిన రెండో పేపరుకూ ఆమె అర్హురాలవుతుంది. ప్రస్తుతానికి సోమవారం బడికి ఒక చీపురు కట్ట, కాస్త దారం ఇచ్చి పంపండి.