వేరుకు అంటిన మట్టి గురించి ఒక ఉత్తరం

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పంట వేళ్ల గురించి, వాటి దగ్గర చేరే బాక్టీరియా గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది. కానీ 'వేరు నేలలోంచి నీళ్లు, పోషకాలు పీల్చుకుంటుంది' అని రాసి అక్కడే ఆగిపోయావు. అది సగం సంగతే. వేరు నేలకు తిండి పెడుతుంది కూడా. ఆకు ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, జిగురు వేళ్ల నుంచి మట్టిలోకి ఊరుతూనే ఉంటాయి. ఆ తిండికి బాక్టీరియా చేరుతుంది. అందుకే వేరును పట్టుకున్న మట్టి, జానెడు దూరంలో ఉన్న మట్టి ఒకటి కావు. 1904లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్నర్ ఆ సన్నటి పొరకు రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. నువ్వు దాన్ని 'మూలపరిసరావరణం' చేశావు. ఆ మాట మన ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది? 'వేరుకు అంటిన మట్టి' అని రాయి. ల్యాబులో పరీక్షకు తీసుకునేదీ అదే, దులిపినా రాలకుండా వేరును పట్టుకుని ఉండే మట్టి.

చేనికి పోకుండా రాయొద్దు. శనక్కాయ పూతకొచ్చినప్పుడు, వాన పదును ఉండగా, ఒక చెట్టును పారతో మట్టితో సహా లేపు. ఊరికే పీకితే వేళ్ల మీది బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చు. లోపల లేత ఎరుపు కనిపిస్తే అది గాలిలోని నత్రజని పట్టే పనిలో ఉన్నట్టు. అందులోని బ్రాడీరైజోబియం అనే బాక్టీరియాను పిలిచింది ఆ వేరు తానే. వేరు వదిలే ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు తగిలితే బ్రాడీరైజోబియంలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. అది ఇంకో రసాయనంతో బదులిస్తుంది, బుడిపె మొదలవుతుంది. చాలా పప్పుజాతి మొక్కల్లో ఈ బాక్టీరియా వేరు నూగులోంచి లోపలికి పోతుంది. శనక్కాయలో మాత్రం పక్కవేరు చీల్చుకొచ్చిన సందులోంచి దూరుతుంది. నువ్వు వ్యాసానికి పెట్టిన బొమ్మ శనక్కాయది కాదు, మార్చు.

కంది గురించి నేను కొత్తలో 'నేలకు నత్రజని ఇస్తుంది' అని ఒక్క ముక్కతో ముగించాను. ఆ వాక్యం ఇప్పటికీ బాధిస్తుంది. మా నాయన శనక్కాయ మధ్యలో కంది సాలు ఏ ఏడాదీ మానలేదు. దాని కింద ఏం జరుగుతోందని నేను ఒక్కసారీ వెతకలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగి 1990లో అచ్చయిన పరిశోధన ఆ సంగతి చెప్పింది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి, ఎర్రమట్టిలో ఇనుముకు అతుక్కుపోయిన భాస్వరాన్ని విడదీస్తుంది. మన నేలకు ఆ ఎరుపు వచ్చింది ఇనుము వల్లే కదా!

జొన్న తీరు ఇంకోలా ఉంటుంది. దాని వేరు నూగులో ఊరే సోర్గోలియోన్ అనే రసాయనం, అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా పనిని అణచిపెడుతుంది. కాబట్టి 'మిత్ర బాక్టీరియా', 'శత్రు బాక్టీరియా' అన్న మాటలు కొట్టెయ్. వేరు కొన్నిటికి పెడుతుంది, కొన్నిటిని ఆపుతుంది. మొక్క వయసు మారినా, నీటి ఎద్దడి వచ్చినా ఊరే సరుకు మారుతుంది, దానితో చేరే గుంపు కూడా మారుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే చోట కూర్చుని రాస్తూ, ఎద్దడి మాటే ఎత్తలేదేం?

ఒక్క చోట మాత్రం నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే పొట్లంలో అమ్మే బాక్టీరియా, పట్టిస్తే చాలు దిగుబడి పెరుగుతుందని రాశావు. బెల్లం పాకంతో విత్తనానికి పట్టించిన బాక్టీరియా, నేలలో ముందే ఉన్న వాటితో పోటీపడి వేరు దగ్గర చోటు సంపాదించాలి. ఓడిపోనూ వచ్చు. ఆ మాట దాచి రాస్తే, నిన్ను నమ్మి పొట్లం కొన్న రైతుకు ఏం చెబుతావు?

తిరగరాయి. పూత దాటకముందే ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. పార నా దగ్గరుంది, ఇద్దరం చేనికి పోదాం.