మనిషిని తీసుకెళ్తే కాగితం ఉండాలి: కొత్త సర్పంచ్‌కు పెద్దబాపు ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

గెలిచినందుకు దీవెనలు ఫోన్‌లోనే చెప్పాను కాబట్టి నేరుగా నువ్వడిగిన దానికే వస్తాను. రాత్రిపూట పోలీసులు ఊళ్లోకి వచ్చి ఒక పిల్లగాణ్ణి బండెక్కించుకుని పోతే సర్పంచ్ ఏం చేయగలదు అని అడిగావు.

అడ్డుకోలేవు. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర ప్రభుత్వం కిందివి. పంచాయతీలకు అప్పగించదగినవంటూ రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో రాసిన 29 అంశాల్లో పోలీసు లేదు. ఎస్సై నీ మాట వినాలని ఎక్కడా లేదు. ఈ సంగతి ముందే మనసులో పెట్టుకో. లేకపోతే స్టేషన్ ముందు గొంతు పెంచి, కావాల్సిన పని చెడగొట్టుకుంటావు. కానీ నువ్వు చేయగలిగింది ఒకటుంది, అది చిన్నది కాదు. మీ ఊరి మనిషిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకెళ్లారో రాతలో ఉండేట్టు చూడటం. రాతలో ఉన్న మనిషిని మాయం చేయడం కష్టం. ఈ ఉత్తరం మొత్తం దాని గురించే.

మన దగ్గర ఇది ఎందుకింత ముఖ్యమో నీ వయసు వాళ్లకు పూర్తిగా తెలియదు. 1978 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల్లో పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్ దళాలు. 1985 సెప్టెంబర్‌లో వరంగల్‌లో నక్సలైట్ల చేతిలో ఒక ఎస్సై చనిపోయాడు. మరుసటి రోజే, సెప్టెంబర్ 3న, పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారని ఆ సంఘం చెప్పింది. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే బాలగోపాల్ గారి మీద టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం పెట్టి జైలుకు పంపారు. పట్నంలో పేరున్న డాక్టర్‌కు, యూనివర్సిటీ సార్‌కే అట్లా జరిగితే, అడవి అంచున పేరు తెలియని కూలి సంగతి ఆలోచించు. ఆ రోజుల్లో సర్పంచ్‌లు రెండు వైపులా నలిగారు. పోలీసులు వచ్చి ఎవరికి అన్నం పెట్టావని అడిగితే, దళం వచ్చి ఎవరికి చెప్పావని అడిగేది. రాజీనామా చేసి పట్నం చేరినవాళ్లు చాలామంది ఉన్నారు.

చట్టాల పేర్లు మారుతూ ఉంటాయి. టాడా 1995లో పోయింది, అట్లాంటిదే పోటా 2004లో పోయింది. 1992 నాటి ప్రజా భద్రత చట్టం ఇంకా ఉంది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా, 1967 నుంచి ఉంది, 2019 సవరణ తర్వాత సంస్థలనే కాదు, ఒక్క మనిషిని కూడా ఉగ్రవాది అని ప్రకటించవచ్చు. ఉపా కింద చార్జిషీట్ లేకుండానే 180 రోజుల దాకా లోపల ఉంచే వీలుంది, బెయిల్ రావడం చాలా కష్టం. అందుకే మొదటి 24 గంటల్లో నువ్వు చేసేదే ఎక్కువ పనికొస్తుంది. కేసు ఏ చట్టం కింద పెట్టినా, అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం చెప్పే మాట అది. ఏ భద్రతా చట్టం కింద పట్టుకున్నా ఈ లెక్క మారదు. విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే పీడీ యాక్ట్ లాంటి చట్టాలే దీనికి బయట ఉంటాయి, వాటికి వేరే పద్ధతి, వేరే అడ్వైజరీ బోర్డు.

ఇక అరెస్టు మెమో. బెంగాల్‌లో డి.కె. బసు అనే ఆయన లాకప్ చావుల వార్తలు పేపర్లో చదివి 1986లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుని 1996 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి, తేదీ, టైమ్ వేయాలి, దాని మీద ఆ ఇంటి మనిషి గానీ ఆ ఊళ్లో గౌరవంగల మనిషి గానీ సాక్షి సంతకం పెట్టాలి, పట్టుబడ్డవాడూ సంతకం చేయాలి అని. ఇప్పుడు పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్ ఇదే. ఊళ్లో గౌరవంగల మనిషి అంటే ముందు గుర్తొచ్చేది సర్పంచే. కాబట్టి ఎవరినైనా తీసుకెళ్తున్నారని తెలిస్తే, అర్ధరాత్రి అయినా సరే, ఇద్దరు వార్డు మెంబర్లను వెంటబెట్టుకుని వెళ్లు. "సార్, మెమో రాయండి, సాక్షిగా నేను సంతకం పెడతాను" అని నెమ్మదిగా అడుగు. అది అడ్డుపడటం కాదు, వాళ్ల పనిలో చట్టం నీకిచ్చిన భాగం. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉపా కేసులో కూడా సుప్రీంకోర్టు 2024 మే నెలలో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో చెప్పింది, అది గుర్తుంచుకో.

మెమో రాయకుండా పోతే ఏం చేయాలి? బండి నంబర్, యూనిఫాం మీద పేర్లు, టైమ్ రాసుకో. వెంటనే 100కు ఫోన్ చేసి చెప్పు, ఆ కాల్ నమోదవుతుంది. తెల్లారకముందే పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఎస్సైకి నాలుగు వాక్యాలు రాయి: మా గ్రామస్తుడు ఫలానా, ఇన్ని గంటలకు, ఇంతమంది వచ్చి తీసుకెళ్లారు, ఎక్కడ ఉన్నాడో ఇంటివాళ్లకు తెలపగలరు. ఆవక జావక రిజిస్టర్‌లో నంబర్ వేయి. నకలు ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కు, జిల్లా న్యాయసేవా సంస్థకు పంపు. ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆ సంస్థ ఉచితంగా వకీలును పెట్టాలి, 15100 నంబర్ అందుకే ఉంది. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే సమాచార హక్కు చట్టం కింద 30 రోజులు కాదు, 48 గంటల్లో చెప్పాలి. ఆ దరఖాస్తు ఫారం ఒకటి ముందే రాసి పెట్టుకో. అప్పటికీ జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు చూపించమనే పిటిషన్. అక్కడ నీ రిజిస్టర్ నకలే మొదటి సాక్ష్యం అవుతుంది.

కార్డన్ సెర్చ్ గురించి కూడా అడిగావు. తెల్లవారుజామున ఊరు చుట్టుముట్టి ఇల్లిల్లూ చూడటం, కాగితాల్లేని బైకులు ఎత్తుకెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. వారంట్ లేకుండా ఇల్లు వెతకాలంటే ఎందుకో అధికారి ముందుగా రాసుకోవాలి. వెతికేటప్పుడు ఆ చోటుకు చెందిన ఇద్దరు సాక్షులుండాలి, దొరికిన వస్తువుల జాబితా ఇంటి మనిషికి ఇవ్వాలి, ఇప్పుడు వీడియో కూడా తీయాలి. ప్రతి ఇంటి ముందూ వాదన పెట్టుకోకు. ఒక్కటే అడుగు: "ఏ సెక్షన్ కింద, ఎవరి ఆర్డర్‌తో?" జవాబు నోటితో చెప్పినా రాసుకో. దారిన పోయే పిల్లగాళ్ల వేలిముద్రలు మిషన్‌లో తీస్తుంటే, నేరస్తుల గుర్తింపు కోసం తెచ్చిన 2022 చట్టం అరెస్టయినవాళ్ల, శిక్షపడ్డవాళ్ల, బైండోవర్ అయినవాళ్ల (మంచిగా ఉంటామని పూచీ రాసినవాళ్ల) గురించే కదా, మేజిస్ట్రేట్ ఆర్డర్ ఏమైనా ఉందా అని అడగొచ్చు.

ఇంకొకటి. కొడుకు అడవిలోకి పోయిన తల్లిని స్టేషన్‌కు రమ్మని కబురు పెడుతుంటారు. ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను, 15 లోపు పిల్లలను సాక్షిగా విచారించాలంటే వాళ్లుండే చోటుకే రావాలి, సంహిత 179వ సెక్షన్ అది. ఆ తల్లికి ఈ మాట నువ్వే వెళ్లి చెప్పు. విచారణకు వచ్చినప్పుడు పక్కన కూర్చో.

సంతకాల దగ్గర చాలా జాగ్రత్త. పంచనామా అంటే సర్పంచ్‌ను పిలుస్తారు. శవ పంచనామా అయితే ఇంకా ముఖ్యం. ఎన్‌కౌంటర్ అన్న చోట శవం చూపి సంతకం అడుగుతారు. నువ్వు కళ్లారా చూసిందే రాయించు. గాయాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒంటి మీద బట్టలేమున్నాయి, చేతికి కట్టిన గుర్తులు ఏమైనా ఉన్నాయా, ఎన్ని గంటలకు చూశావు. చూడనిదాని మీద సంతకం పెట్టకు. ఖాళీ కాగితం మీద ఎప్పటికీ పెట్టకు. ఎంత పెద్ద అధికారి అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా.

ఇక్కడ నీకు రెండో వైపు కూడా చెప్పాలి. చట్టం నీ మీద కూడా బాధ్యత పెట్టింది. ప్రకటిత నేరస్తులు ఊళ్లో తలదాచుకున్నారని తెలిసినా, బెయిల్ రాని నేరం జరిగినా, అనుమానపు చావు జరిగినా పంచాయతీ సభ్యులు మేజిస్ట్రేట్‌కో పోలీసులకో చెప్పాలి, పాత చట్టంలో 40, ఇప్పుడు 34వ సెక్షన్. అది చెయ్యి, దాచకు. హక్కులు అడిగే మనిషి చట్టం తప్పితే ఆ తర్వాత ఎవరి తరఫునా నిలబడలేదు. కానీ చట్టం అడిగిన దానికి ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయకు. "మీ ఊళ్లో వాళ్ల సానుభూతిపరులెవరో ఒక లిస్టు ఇవ్వు" అంటే ఇవ్వకు. ఏ చట్టమూ నిన్ను ఆ లిస్టు అడగలేదు. అట్లాంటి లిస్టుల మీదే పాత రోజుల్లో ఒక వైపు ఎన్‌కౌంటర్లు, ఇంకో వైపు ఇన్‌ఫార్మర్ అన్న పేరుతో చంపడాలు జరిగాయి. ఆస్తి తగాదాలు, పాలోళ్ల పంతాలు కూడా ఆ లిస్టుల్లోకి ఎక్కాయి.

ముఖ్యంగా గుత్తికోయ గూడేల సంగతి చూసుకో. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఉంటున్నవాళ్లకు భాష రాదు, కాగితాలుండవు, అనుమానం ముందు వాళ్ల మీదికే పోతుంది. వాళ్లు నీకు ఓటెయ్యకపోయి ఉండొచ్చు. అయినా నీ ఊరి పరిధిలో ఉన్న మనిషి నీ మనిషే. కోయ, తెలుగు రెండూ వచ్చిన పిల్ల ఎవరైనా ఉంటే ఆమె ఫోన్ నంబర్ నీ దగ్గర ఉంచుకో.

2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల చుట్టూ మావోయిస్టుల మీద ఆపరేషన్ నడిచింది. సరిగ్గా తునికాకు కాలం. అడవిలో మందుపాతరలు, మే 8న ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు వాటికే బలయ్యారు. వాళ్లూ మన ఇళ్ల పిల్లలే, ఆ దుఃఖం తక్కువది కాదు. అడవి మీద బతికే జనం ఆ రోజుల్లో ఏ దారిన పోవాలో తెలియక ఉండకూడదు. ఎక్కడికి పోవద్దో పోలీసుల నుంచి రాతలో తీసుకుని ఊళ్లో సాటింపు వేయించు. ఆంక్షలు ఎన్నాళ్లో అడుగు. పని పోయిన రోజులకు ఉపాధి హామీ పనులు పెట్టమని ఎంపీడీఓకు తీర్మానం పంపు. ఇది నిజంగా నీ అధికారంలో ఉన్న పని.

సీసీ కెమెరాలకు పంచాయతీ డబ్బు అడిగితే కాదనకు, కానీ ఎటు తిప్పాలో, రికార్డు ఎన్ని రోజులుంచాలో, ఎవరు తీసుకెళ్లారో రాసే పుస్తకం ఎక్కడుండాలో గ్రామసభలో తేల్చు. బోరింగుల వైపు, ఆడవాళ్ల స్నానాల వైపు కెమెరా ఉండొద్దు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు.

ఇప్పుడు తీర్మానం గురించి. అమెరికాలో 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కొద్ది వారాల్లోనే పేట్రియాట్ చట్టం వచ్చింది. లైబ్రరీలో ఎవరు ఏ పుస్తకం చదివారో కూడా రహస్యంగా అడిగే వీలు అందులో ఉండేది. ఆ చట్టాన్ని ఆపే శక్తి ఊళ్ల కౌన్సిళ్లకు లేదు. అయినా నార్తాంప్టన్ లాంటి చిన్న పట్నాలు 2002లోనే తీర్మానాలు చేశాయి, తర్వాత 400కు పైగా స్థానిక సంస్థలు ఆ దారి పట్టాయి. వాళ్ల తెలివి ఎక్కడుందంటే, ప్రభుత్వం ఏం చేయకూడదో చెప్పడంతో ఆగకుండా, తమ ఉద్యోగులు ఏం చేయాలో చెప్పుకున్నారు. మనం నేర్చుకోవాల్సింది అదే. జార్ఖండ్‌లో ఖుంటి వైపు 2017, 18లో ఊరి హక్కులు చెక్కిన పత్థల్‌గడీ రాళ్లు పాతి, బయటివాళ్లు, అధికారులు ఊళ్లోకి రావద్దన్నారు. వాళ్ల బాధ నిజమే, కానీ ఆ ఒక్క మాట పట్టుకుని వేలమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వచ్చాక గానీ వాటిని ఎత్తేసే నిర్ణయం రాలేదు. కాబట్టి "పోలీసులు రావద్దు" అని రాయకు. ఇట్లా రాయి:

"మా గ్రామంలో అరెస్టు, సోదా జరిగినప్పుడు చట్టంలోని పద్ధతి పాటించాలని కోరుతున్నాం. సర్పంచ్‌కు, వార్డు సభ్యులకు సాక్షులుగా ఉండే అవకాశం ఇవ్వాలి. అట్లాంటి ప్రతి ఘటననూ పంచాయతీ రిజిస్టర్‌లో నమోదు చేస్తాం. పంచాయతీ సిబ్బంది రాతపూర్వక ఆదేశం లేకుండా గ్రామస్తుల వివరాలు ఎవరికీ ఇవ్వరు."

రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని తెలంగాణ పంచాయతీరాజ్ 2018 చట్టమే చెబుతోంది, కాబట్టి దీనికి వేరే మీటింగ్ అక్కర్లేదు. మామూలు ఎజెండాలో, నీళ్లు, వీధి దీపాల తర్వాత పెట్టు. ఆడవాళ్లు ఎక్కువ వచ్చిన రోజు చూసి పెట్టు, అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడు వాళ్లకే ఎక్కువ తెలుసు. మినిట్స్‌లో వచ్చినవాళ్లందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకో. నీ ఒక్కదాని పేరు మీద ఉంటే ఒత్తిడంతా నీ మీదికే వస్తుంది, సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. సెక్రటరీ ఉద్యోగి, భయపడతాడు. అతణ్ణి తప్పుపట్టకు, తీర్మానం ముందే చూపించి మాటలు సరిచేయించు.

సర్పంచ్ ఫోన్ నీ చేతిలోనే ఉండాలి బిడ్డా. మీ ఆయన, మా అల్లుడు, మంచివాడే, కానీ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఆయన ఎత్తి మాట్లాడటం అలవాటైతే, సాక్షిగా నిలబడాల్సిన రోజు నిన్నెవరూ లెక్కచేయరు. మొదటి నెలలోనే స్టేషన్‌కు వెళ్లి ఎస్సైని మామూలుగా కలిసి, నీ నంబర్ ఇచ్చి రా. గొడవ లేని రోజు పరిచయమైతే గొడవ రోజు మాట వింటారు. మన ఠాణాల్లో న్యాయంగా ఉండే అధికారులను నేను చూశాను. వాళ్లకు కూడా నీలాంటి సాక్షి ఉండటమే మంచిది.

తీర్మానం ముసాయిదా రాశాక నాకు వాట్సాప్‌లో పంపు. వరంగల్ కోర్టులో నాకు తెలిసిన వకీలుకు చూపించి, సెక్షన్ నంబర్లు సరిచూసి, గ్రామసభకు ముందే తిప్పి పంపిస్తాను.

మీ పెద్దబాపు