మెజారిటీ ఓటేసి స్వేచ్ఛకు పగ్గం వేస్తే అది నియంతృత్వమేనా?

కాదు. అంత పెద్ద మాట తేలిగ్గా వాడకండి. ఓటేసి మరీ తెచ్చుకున్న నిషేధాన్ని నేను దగ్గర నుంచి చూశాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరులో సారా ఆగింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యం మొత్తం ఎత్తేస్తానని చెప్పి గెలిచారు, 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. మా అమ్మమ్మ ఆ ఒక్క మాట కోసమే ఓటేసింది.

ఆ రోజుల్లోనే ఆవిడతో యానాం నుంచి కాకినాడ బస్సులో వస్తున్నాను. యానాం పుదుచ్చేరి కిందిది, అక్కడ మందు దొరికేది. అందుకని దారిలో బస్సు ఆపి సంచులు వెతికేవాళ్ళు. తనిఖీకి ఎక్కినాయన అమ్మమ్మ సంచిలోంచి దశమూలారిష్టం సీసా తీశాడు. అది పులియబెట్టి చేసే ఆయుర్వేద మందు, కాస్త మద్యం వాసన వస్తుంది. మూత తిప్పి వాసన చూసి, కిందికి దిగమన్నాడు. ఆవిడ సీట్లోంచి కదల్లేదు. "తాగుబోతుల పెళ్ళాలు ఏడవకూడదని ఓటేశాం నాయనా, నా కీళ్ళ మందు లాక్కోమని కాదు" అంది, బస్సంతా వినేలా. కండక్టరు, వెనక సీట్లవాళ్ళు ఆవిడ పక్షం చేరారు. సీసా మళ్ళీ సంచిలోకొచ్చింది.

నియంతృత్వంలో ఆ గొంతు లేవదు. ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సారు, ఎదురు మాట్లాడితే జైలు. 1977లో ఉత్తరాది మొత్తం ఇందిరను ఓడిస్తే, మన రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. అంతమంది ఓటేశారు కదా అని జైళ్ళు నింపడం ప్రజాస్వామ్యం అయిపోతుందా? ఓట్ల లెక్కతో ఏమీ తేలదు. ఓడినవాళ్ళు మర్నాడు అదే మాట మళ్ళీ ఎత్తగలరా, కోర్టు మెట్లెక్కగలరా అన్నది చూడాలి. మద్యనిషేధాన్ని 1997లో సడలించింది కూడా ఆ 1994లో ఎన్నికైన సభ ఉండగానే.

నా భయమల్లా ఓటే లేనివాళ్ళ గురించి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో బ్యాచిలర్లకు ఫ్లాట్లు అద్దెకివ్వకూడదని చేతులెత్తి తీర్మానం చేశారు. చెయ్యెత్తే హక్కు ఓనర్లకే. ఇప్పటికే ఉంటున్న కుర్రాళ్ళను మీటింగుకు పిలవనైనా లేదు, నెలాఖరుకు ఖాళీ చేయమని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా వాళ్ళ దగ్గరే ముక్కుపిండి వసూలు చేస్తారు! నా అభ్యంతరం మినిట్స్‌లో రాయమని అడిగాను. ఇంకా రాయలేదు. వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతాను, ఈసారి ఆ కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వెళ్తాను.